భరణి కార్తె బాకీ

"నాలుగు గంటలకు వాన పడుతుందని చెప్తాంటే నీకెందుకు తలకెక్కదుమా? మొదట ఆ వడియాలు తీయించు," అన్నాడు రుద్రప్ప. అప్పటికది మూడోసారి.

"పడితే పడనీ. నేను ఎండను చూసి పెట్టినా. మీ మంత్రిని చూసి కాదు," అంది ఓబులమ్మ.

మిద్దె మీద రెండు పాత పంచెలు పరిచి, వాటి నిండా బియ్యప్పిండి వడియాలు పెట్టి, నీడలో కూర్చుని కాకుల్ని తోలుతోంది ఆమె. డెబ్బై నాలుగేళ్ల మనిషి. తెల్లారకముందు లేచి పిండి ఉడికించింది. రుద్రప్ప ఆమె చిన్న కొడుకు. గొడుగు పార్టీ మండల నాయకుడు. ఈ నెలాఖరున జిల్లా పరిషత్తు ఎన్నికల్లో నిలబడుతున్నాడు. ఆ మధ్యాహ్నం మంత్రిగారి సభ. సభ ముగిసే వేళకు ఊళ్లో వాన కురవాలని అతనే పట్టుబట్టి మంజూరు చేయించుకున్నాడు.

"వదినా, మీరన్నా చెప్పండి. మీ ఆఫీసు నుంచి దిగే వానే కదా."

హైమవతి టిఫిన్ క్యారియర్ మూత బిగిస్తూ మెట్ల దగ్గర ఆగింది. "మంజూరైంది నిజమే అత్తా. నాలుగు దాటకముందే పడుతుంది."

"భరణి కార్తెలో పడేది వానా? తడి తగిలి మళ్లా ఎండి, భూమి బిర్రుమంటాది. దున్నబోతే ఒక్క మడక కదలదు. ఓట్లకు తప్ప ఎందుకూ పనికిరాదు అది."

"ఆ ఓట్లే కావాల్సింది మాకు," అని నవ్వాడు రుద్రప్ప.

"మీకేం. గంప పార్టీ వాళ్లు ఉన్నప్పుడూ ఇట్లనే తెచ్చినారు. పచ్చి వడియాలు కాకులకు పోసింది మాత్రం నేనే."

గంప పార్టీ మాట రాగానే వరండాలో పేపరు చదువుతున్న పెద్ద కొడుకు తిప్పేస్వామి తల ఎత్తాడు. హైమవతి భర్త అతను. హైస్కూల్లో లెక్కల మాస్టరు. వాళ్ల నాన్న కాలం నుంచి ఆ ఇంట్లో గంప పార్టీకే ఓటు. తమ్ముడు గొడుగు పట్టినప్పటి నుంచీ అన్నదమ్ములు అన్నం దగ్గర రాజకీయం మాట్లాడకూడదని ఓబులమ్మ కట్టడి చేసింది. అందుకే ఇద్దరూ మిద్దె మీద మాట్లాడుకునేవాళ్లు.

"మేము తెచ్చినా లెక్క చెప్పి తెచ్చినాం," అన్నాడు తిప్పేస్వామి పైకి వినబడేలా.

"ఏం లెక్కనో. గెలిస్తే వాన రుణమాఫీ అంటాండారు కదా మీ వాళ్లు. మొగులుకు పోయి చెప్పండి మాఫీ చేయమని," అన్నాడు రుద్రప్ప.

ఆ మాటకు ఓబులమ్మ కూడా నవ్వింది. హైమవతి నవ్వలేదు. ఆమెకు బస్సు వేళయింది.

* * *

వర్ష రుణ కేంద్రం ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, గుట్ట మీద ఉంది. దాని చుట్టూ ఏడు ఉక్కు కంబాలు. రాబోయే ఏడాదుల్లో ఈ జిల్లా మీదికి రావాల్సిన తేమను పైగాలిలోంచి ఇప్పుడే లాగి దింపుతాయి అవి. దింపిన ప్రతి వానా అప్పే. ఆ అప్పు పైగాలిలో బిగువుగా మిగిలిపోతుంది. ఆ బిగువును కొలిచే ముల్లు ఒకటి గాజు పెట్టెలో ఉంటుంది. తీర్చాలంటే ఒకటే దారి. కంబాలను తిప్పి పెట్టి, ఒక ఊరి మీదికి వచ్చిన మబ్బును చుక్క రాల్చనీయకుండా పోనివ్వాలి. కాగితాల్లో దాని పేరు వదులు. మబ్బును మొగులు అనే జనం మాత్రం దాన్ని మొగులు పన్ను అంటారు. పన్ను అన్న మాట తగిలించుకున్నాక ఏ పార్టీ మాత్రం దాని జోలికి పోతుంది? గంప పార్టీ తాను దిగిపోయే ఏడాది దాన్ని ఆపేసింది. గొడుగు పార్టీ వచ్చి, ఆపింది ఆపినట్టే ఉంచింది.

అయితే చట్టంలో ఒక హద్దు ఉంది. జిల్లా బాకీ ముప్పై వానలు దాటితే కొత్త అప్పు పుట్టదు. వదులు మొదలుపెట్టి తీరాలి. ఎక్కువ వానలు తెచ్చుకున్న ఊరు ముందు వదలాలి. పుస్తకాల ప్రకారం ఇప్పటి బాకీ ఇరవై మూడు. ఇంకో ఐదు వానలు తెచ్చుకోవాలని ప్రభుత్వం అనుకుంటోంది. దానికి శాసనసభ ముందు పెట్టాల్సిన శ్వేతపత్రం మీద రుణ లెక్కల అధికారిగా హైమవతి సోమవారంలోగా సంతకం పెట్టాలి.

మూడున్నరకు కంబాలు మోగడం మొదలైంది. దూరంగా పెద్ద డేక్సా మీద ఎవరో గరిటె ఈడుస్తున్నట్టు ఒక చప్పుడు. నాలుగుకు పది నిమిషాలుండగా తమ ఊరి దిక్కున మబ్బు కమ్మడం కిటికీలోంచి కనిపించింది. మిద్దె మీది పంచెలు గుర్తొచ్చాయి హైమవతికి. అత్త తీసి ఉండదు.

వాన వెలిశాక ఆమె ముల్లు చూసింది. పొద్దున నలభై మీద ఉన్నది నలభై ఒకటికి జరిగింది.

పుస్తకాల్లో ఇరవై మూడున్నప్పుడు ముల్లు నలభై చూపించడం ఆ ఆఫీసులో ఎవరికీ వింత కాదు. ముల్లు పాతబడిందని, ఎక్కువ చూపిస్తుందని అందరికీ తెలుసు. ప్రతి జూన్‌లోనూ 'పరికర దోషం' అని ఒక చీటీ రాసి తేడాను తీసేస్తారు. పదకొండేళ్లుగా ఆ చీటీ రాస్తున్నది హైమవతే. కానీ దోషమున్న ముల్లు ఒక్క వానకు సరిగ్గా ఒక్క గీత ఎందుకు జరుగుతుంది అన్న ప్రశ్న ఆమెకు ఆ రోజే తోచింది. పచ్చి వడియాల గురించి ఆలోచిస్తూ నిలబడకపోయి ఉంటే ఆ రోజూ తోచేది కాదేమో.

"ఖాజా సాబ్, ఈ రోజు వాన ఏ పేజీలో రాసినారు?"

ఖాజా మొహిద్దీన్ సీనియర్ గుమాస్తా. ఆరు నెలల్లో రిటైరవుతాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఏ పేజీలోనూ లేదు మేడం," అన్నాడు. "మార్చి ముప్పై ఒకటికి బాకీ నిల్వ తేల్చి, సర్కారు లెక్క మూసేసినాం కదా. మన వాన ఏడు మృగశిరతో, జూన్‌లో మొదలవుతాది. అప్పుడు కొత్త పేజీ తెరుస్తాం."

"మధ్యలో పడినవి?"

"అవి ఫైనాన్సు వాళ్లు ఎక్కించుకుంటారంట. నేను వచ్చినప్పటి నుంచీ అంతే."

హైమవతి ఫైనాన్సు శాఖకు ఫోన్ చేసింది. అక్కడి గుమాస్తా మర్యాదగానే చెప్పింది. "ఏప్రిల్, మే వానలు మా దగ్గర ఉండవండి. జూన్ ఒకటిన మీరు పంపే నిల్వనే మేం ఎక్కించుకుంటాం. అందులో కలిసే ఉంటాయి కదా?"

కలిసి లేవు. జూన్ ఒకటిన వీళ్లు పంపేది మార్చి నిల్వనే. అటు వాళ్లు ఇటువాళ్లు రాశారనుకున్నారు, ఇటువాళ్లు అటు వాళ్లు రాస్తారనుకున్నారు. రెండు ఏడాదుల నడుమ రెండు నెలల సందు మిగిలిపోయింది. ఎన్నికలు, ఉప ఎన్నికలు, మంత్రుల సభలు అన్నీ ఆ రెండు నెలల్లోనే వచ్చేవి. అప్పుడు దింపిన వానలన్నీ ఆ సందులోకే జారాయి.

ఆ పుస్తకానికి గడులు గీసింది ఎవరో ఆమెకు బాగా తెలుసు. పదకొండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, రైతుకు అర్థం కావాలని వాన ఏడాదిని మృగశిరతో మొదలుపెట్టింది తనే. ఆ గడులకు మెచ్చి అప్పటి డైరెక్టరు ఆమెకు ఒక గోడ గడియారం కూడా ఇచ్చాడు.

* * *

మరునాడు పొద్దున ఓబులమ్మ తడిసి ముద్దయిన వడియాలను గోడ మీద కాకులకు పెడుతోంది. రుద్రప్ప భార్య పార్వతి కాఫీ తెచ్చిపెట్టి వెళ్లిపోయింది.

"అత్తా, నీ కేలండర్లు ఎన్నేండ్లవి ఉన్నాయి?" అడిగింది హైమవతి.

ఓబులమ్మకు చదువు రాదు. కానీ వంటింట్లో వేలాడే తిథుల కేలండరు మీద ప్రతి వానకూ ఒక గుర్తు పెట్టడం ఆమెకు అలవాటు. దానంతటది పడి, విత్తేంత పదునైతే పసుపుతో గీత. కంబాల మోత వినబడితే, వాన ఏ ఊరి మీద పడినా, బొగ్గుతో చుక్క. ఏడాది అయిపోయినా కేలండరు పారేయదు.

"అన్నీ పెట్టెలో ఉండాయి. ఏమిటికిమ్మే? పొయ్యిలో పెడదామనా?"

"చుక్కలు చూడాలి."

ఇద్దరూ రేకుపెట్టె ముందు కూర్చున్నారు. వంటింటి గోడ మీదిదీ కలిపి, కంబాలు వచ్చినప్పటి నుంచి పదకొండు కేలండర్లు. హైమవతి ఏప్రిల్, మే కాగితాలు మాత్రం తిప్పింది. అశ్వని, భరణి, కృత్తిక. కొన్నేళ్లలో ఒకటి, కొన్నేళ్లలో మూడు, ఒక ఏడాది అసలు లేవు. నిన్నటి చుక్క ఇంకా వేలికి అంటుతోంది. మొత్తం పద్దెనిమిది. మొదటి ఎనిమిది గంప పార్టీ ఏలుబడిలోవి. తర్వాతి పది గొడుగు పార్టీవి.

ఇరవై మూడూ పద్దెనిమిదీ కలిపితే నలభై ఒకటి. ముల్లులో ఏ దోషమూ లేదు.

"మీ గుమ్మళ్లకుంటకు ఎన్ని తెచ్చినారు అత్తా?"

ఓబులమ్మ చేతిలోని కేలండరును చుట్టి పెట్టెలో పెట్టింది. గుమ్మళ్లకుంట ఆమె పుట్టినూరు. కంబాలు కొత్తగా కనిపెట్టినప్పుడు పరీక్షకు ఎంచుకున్న ఊరు అది. ఆ ఊరు ఇప్పుడు లేదు.

"ఆరేండ్లలో నలభై నాలుగు. మా యన్న గోడ మీద గీసిపెట్టినాడు. కొర్రలు, సజ్జలు, వరి కూడా పండించినారు. మా ఊరోళ్లకు కండ్లు నెత్తికెక్కినాయి. ఏడో ఏట మొగులు వస్తానే లేదు. వచ్చినా ఊరి మీద నిలబడదు. రెండేండ్ల ఏడు నెలలు, చుక్క లేదు. గొడ్లు పాయ, చెట్లు పాయ. బాయిలో దిగి చేతులతో తోడినారు. కడాకు మా యన్న తలుపులు ఊడబెరికి, బండికి ఎత్తుకొని పాయ. ఆఫీసోళ్లు వచ్చి ఏమన్నారో తెలుసునా? మామూలు కరువే అన్నారు."

ఆ ఫైలు హైమవతి చదివింది. 'సహజ అనావృష్టి' అనే ఉంది అందులో. ముల్లు ఎంత మీద ఉన్నప్పుడు మబ్బు ఆగిపోయిందో మాత్రం ఒక మూల చిన్న అంకెల్లో ఉంది. నలభై నాలుగు.

నలభై ఒకటికి ఇంకో ఐదు కలిపితే ఎంతవుతుందో చెప్పడానికి లెక్కల మాస్టరు అక్కర్లేదు. గుమ్మళ్లకుంట ఒక్క ఊరు. ఇది జిల్లా. తలుపులు ఊడబెరుక్కుని జిల్లా మొత్తం ఎక్కడికి పోతుంది?

* * *

డైరెక్టరు ముకుందరావు చెడ్డమనిషి కాడు. ఆమె తెచ్చిన కాగితాన్ని రెండుసార్లు చదివి, తలుపు దగ్గరికి వేయమన్నాడు.

"లెక్క తప్పని నేను అననమ్మా. కానీ ఈ అంకె బయటికి పోతే ఏమవుతుందో ఆలోచించారా? గంప పార్టీవాళ్లు దీన్ని పట్టుకుని ఊరేగుతారు. గెలుస్తారు. గెలిచి, వాళ్లూ ఇదే చేస్తారు."

"వాళ్ల ఎనిమిది కూడా రాశాను సార్. ఏ కార్తెలో, ఏ సభకు తెచ్చారో."

"అయితే ఇద్దరికీ పగవాళ్లవుతారు మీరు." ఆయన కాగితాన్ని నెమ్మదిగా వెనక్కి జరిపాడు. "ఒక పని చేద్దాం. ఈ పద్దెనిమిదినీ కొత్తగా పెట్టే కార్పొరేషన్ పేరు మీద రాద్దాం. జిల్లా లెక్క ఇరవై మూడుగానే ఉంటుంది. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు."

"కార్పొరేషన్‌కు వేరే ఆకాశం ఉందా సార్?"

ఆయన కాసేపు కిటికీలోంచి కంబాల వైపు చూశాడు. "ఆ గడులు గీసింది మీరే. తప్పు ఎవరిదని అడిగితే మొదట మీ పేరే వస్తుంది. ఇంకా పన్నెండేళ్లుంది మీ సర్వీసు."

"ఆ మాట మొదటి పేరాలోనే రాశాను."

ఆయన మళ్లీ కాగితం అందుకుని మొదటి పేరా చదివాడు. సంతకం వద్దనీ అనలేదు, పెట్టమనీ అనలేదు.

ఇంటికొచ్చేసరికి తిప్పేస్వామి ఆమె కోసం వీధిలోనే నిలబడి ఉన్నాడు. ఆఫీసులో మాట ఆఫీసులో ఆగదు. అతని ముఖంలో సంతోషం దాచినా దాగడం లేదు.

"మా పార్టీ జిల్లా అధ్యక్షుడు ఫోన్ చేసినాడు హైమా. నువ్వు ధైర్యం చేస్తే నీ వెనకాల నిలబడతామన్నాడు. ఉద్యోగానికి ఏ ఢోకా రానీయరంట."

"మంచిది."

"ఒక్క మాట అడగమన్నాడు." అతను చెప్పు కొనతో రాయిని నెట్టాడు. "మొదటి ఎనిమిది పాతవి కదా. అవి రాయకుంటే ఏం? పది చాలు కదా, హద్దు దాటడానికి. ఇరవై మూడూ పదీ ముప్పై మూడు."

లెక్క తప్పు లేదు. హద్దు దాటుతుంది, వదులు మొదలవుతుంది, భర్త సంతోషిస్తాడు. ఇంత సులువైన దారి ఇంకొకటి దొరకదు. హైమవతి ఆ మాటను నిజంగానే మనసులో తిప్పి చూసుకుంది.

"ముప్పై మూడని రాస్తే మూడు వదిలి, తీరిపోయిందంటారు మీ వాళ్లు. తర్వాత మళ్లీ తెస్తారు," అంది చివరకు. "పిల్లవాడు జవాబులో సగం అంకెలు రాసి తెస్తే మీరు మార్కులు వేస్తారా?"

తిప్పేస్వామి చెప్పు కింది రాయిని వదిలేశాడు. ఆమె చేతిలోని క్యారియర్ తీసుకుని ముందు నడిచాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర రుద్రప్ప వదినతో మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుంటూ మాత్రం, "నేను గెలవకపోతే పోనీ వదినా. మన ఊరికి ఎక్కువ వానలు తెచ్చినోణ్ని నేనే. ఆ వదులు జాబితాలో మన ఊరే మొదట ఉంటాది. జనం ముందర నా ముఖం ఏం కావాల? రోంత ఆలోచన చేయండి," అన్నాడు. బతిమాలినట్టుగానే అన్నాడు. బెదిరించి ఉంటే ఆమెకు తేలికయ్యేది.

* * *

శనివారం ఆమె సెలవు పెట్టలేదు. మామూలుగానే బస్సెక్కి వెళ్లి, మామూలు వేళకే వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ నడవలో విత్తనం కాయలు ఒలుస్తున్నారు. మృగశిరకు నెల కూడా లేదు. తొమ్మిదెకరాలకు సరిపడా శనక్కాయ ఒలవాలంటే పదిహేను రోజులు అందరి వేళ్లూ కదలాలి. వేళ్లు నొప్పులు పుట్టి పార్వతి కర్రచెక్కతో నొక్కుతోంది. తిప్పేస్వామి పప్పులో రాళ్లూ పుచ్చులూ ఏరుతున్నాడు. ఇందుజ, హైమవతి కూతురు, ఒలిచిన ప్రతి పది గింజలకూ ఒకటి నోట్లో వేసుకుంటోంది.

"విత్తనం తింటే చేను నీ కడుపులో మొలుస్తాది," అంది ఓబులమ్మ.

"మొలవనీ అవ్వా. కలుపు తీసే పని లేదు."

రుద్రప్ప ప్రచారం నుంచి ఎండకు మాడి వచ్చాడు. చెంబెడు నీళ్లు తాగి, కండువా తీసి కొక్కేనికి వేసి, తనూ వచ్చి కూర్చుని గుప్పెడు కాయలు ముందుకు లాక్కున్నాడు. మనుషుల మధ్య మూట మూతి తెరుచుకుని ఉంది. ఇంకో నాలుగు మూటలు గోడవారన ఉన్నాయి.

హైమవతి ఒళ్లోని పొట్టు దులుపుకుంది. ఆమె గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా మొదలుపెట్టింది.

"ఇంక ఒలవద్దు. ఒలిచింది చాలు."

అందరి చేతులూ ఆగాయి.

"ఒలిచిన పప్పు వచ్చే ఏటికి నిలవదు. దాన్ని నూనెకు పంపిద్దాం. కాయ అయితే నిలుస్తుంది. మిగతా కాయంతా అట్లే మూటలు కట్టండి." ఆమె రుద్రప్ప వైపు చూసింది, తర్వాత భర్త వైపు. "నిన్న కాగితం మీద సంతకం పెట్టినాను. నలభై ఒకటి. ఎనిమిదీ పదీ రెండూ వేర్వేరుగా రాసినాను. గడులు గీయడంలో తప్పు నాదేనని కూడా రాసినాను. డైరెక్టరు గారికి ఒకటి ఇచ్చి, శాసనసభ కార్యదర్శికి ఒకటి రిజిస్టరు పోస్టులో పంపినాను. ఉద్యోగం ఉంటుందో లేదో చూద్దాం. వదులు జాబితాలో మొదటి ఊరు మనదే. నేనేమీ పైకీ కిందికీ జరపలేదు. మృగశిరలో వచ్చే మొదటి పదును మనం వదలాల. ఆ తర్వాతిది కూడా. ఈ ఏడు మన చేలో విత్తనం పడదు."

రుద్రప్ప చేతిలోని కాయ చిట్లలేదు. దాన్ని అట్లే పట్టుకుని కూర్చున్నాడు. పార్వతి అతని ముఖం చూసి, చూపు దించుకుంది.

"వచ్చే ఏడో?" అని అడిగాడు తిప్పేస్వామి.

"మనం వదిలినాక ఇంకో ఊరు వదులుతుంది. ఆ తర్వాత ఇంకోటి. ముల్లు ముప్పైకి దిగడానికి నాలుగేండ్లు పట్టొచ్చు. కానీ మొగులు వస్తానే ఉంటుంది. గుమ్మళ్లకుంట మాదిరి కాదు."

ఓబులమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. తెరిచి ఉన్న మూట దగ్గరికి వెళ్లి, కింద చెదిరిన కాయలను ఒక్కొక్కటే ఏరి లోపల వేసింది. మూతి కూడదీసి పట్టుకుని, చిన్న కొడుకు వైపు చూసింది.

"పురికొస యాడుంది నాయనా?"

రుద్రప్ప చేతిలోని కాయను మూటలో వేశాడు. లేచి వెళ్లి పురికొస తెచ్చాడు.